వదిలిన చేపలు వెల్లకిలా తేలుతున్నాయి, ఎక్కడ తేడా కొడుతోంది?

యారాడ_రాయి
యారాడ, రుషికొండ రాళ్ళ మీద గాలం వేసేవాళ్ళు పెరిగారు, మంచిదే. పట్టినవి వదిలేస్తున్నారు, ఇంకా మంచిదే. కానీ వదిలిన పార చేపలు, చిన్న గ్రూపర్లు కాసేపటికి అదే రాయి పక్కన పొట్ట పైకి పెట్టి తేలుతున్నాయి. ఫోటో కింద మాత్రం "సేఫ్ రిలీజ్" అని రాసుకుంటారు. గద్దలకి పండగ. చేప ఒడ్డుకి వచ్చిన దగ్గర్నుంచి మళ్ళీ నీళ్ళలో పడేదాకా వరసగా ఏం చెయ్యాలి, ఏది చేస్తే చస్తుంది? పడవ మీద లోతులో పట్టేవాళ్ళు కూడా చెప్పండి. పొట్ట నోట్లోంచి బయటికొచ్చిన చేపని ఏం చెయ్యాలో చాలామందికి తెలిసినట్టు లేదు.

పులస_బాబు
వదిలేదానికి పట్టడం దేనికండీ? ఇగురు పెట్టుకోక.

యారాడ_రాయి
@పులస_బాబు విషమున్న పఫర్ చేప పడితే దాన్నీ ఇగురు పెడతారా? పెట్టేముందు వీలునామా రాసెయ్యండి. జానెడు పార పిల్ల, జెల్ల, గుడ్లతో ఉన్న చేప... వదలాల్సినవి ఎటూ పడతాయి. అడిగింది వాటి గురించే.

ఉప్పుటేరు
చంపేవి మూడు. లాగుడు ఎక్కువసేపు సాగడం, గాలిలో ఎక్కువసేపు ఉంచడం, గాలం మింగిన చోటు. మిగతావన్నీ వీటి తరవాతే.

లాగుడు సంగతి ముందు. సన్న లైనుతో ఇరవై నిమిషాలు ఆడించి "భలే ఫైటు" అనుకుంటాం. అంతసేపు పరిగెత్తిన చేప కండలో, రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. ఈదుకుంటూ వెళ్ళినట్టే కనబడుతుంది, తరవాత ఎప్పుడో చస్తుంది. మన తీరంలో ఎండాకాలం ఇది ఇంకా ఘోరం. ఉప్పునీళ్ళు 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర 6.2కి పడిపోతుంది. చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాల్సిన టైములోనే నీళ్ళలో తక్కువ ఉంటుంది.

అందుకని రాళ్ళ మీద 30 పౌండ్లకి తక్కువ లైను వద్దు. డ్రాగ్ (చేప లాగితే రీలు లైను వదిలే బిగువు) లైను బలంలో మూడో వంతు పెట్టండి, అంటే 30 పౌండ్లకి 10 పౌండ్లు, నాలుగున్నర కేజీలు. చేత్తో లాగి చూసి "ఆ, సరిపోద్ది" అనుకోవద్దు. లైను కొసకి స్ప్రింగు త్రాసు కట్టి లాగితే ఎంత దగ్గర జారుతుందో ముల్లు చూపిస్తుంది. చాలామంది డ్రాగులు 2 కేజీల దగ్గరే జారుతుంటాయి.

గేలం_గురువు
ఉప్పుటేరు చెప్పిందానికి ఒకటి కలపాలి. గాలం వెయ్యకముందే సామాను బయట పెట్టుకోవాలి. నోస్ ప్లయర్ నడుముకి, సైడ్ కట్టర్ జేబులో, వల చేతికందేచోట, బకెట్టులో సముద్రపు నీళ్ళు. చేప రాయి మీద ఎగురుతుంటే బ్యాగు జిప్పు తీసి ప్లయర్ వెతికేవాళ్ళే ఎక్కువ. రెండు నిమిషాలు అక్కడే పోతాయి.

బందరు_బుల్లోడు
ఎంతసేపు గాలిలో ఉంచొచ్చో ఎవరైనా అంకె చెప్పండి.

గేలం_గురువు
30 సెకన్ల లోపు. 10 అయితే ఇంకా నయం. చేప పైకి లేచినప్పుడే నువ్వూ ఊపిరి బిగబట్టు. నీకు ఇబ్బందిగా అనిపించేసరికి అది నీళ్ళలో ఉండాలి.

ఉప్పుటేరు
ఒకేసారి 30 సెకన్లు అని కాదు, అన్నీ కలిపి. గాలం తీయడానికి 20, కొలవడానికి 20, ఫోటోకి 30, "ఇంకోటి తియ్ బ్రో, కళ్ళు మూసుకున్నా" అని ఇంకో 30... అయిపోయింది. గాలం తీయడం వలలోనే, నీళ్ళలోనే చెయ్యండి. ఫోటో తీసేవాడు కెమెరా పట్టుకుని "రెడీ" అన్నాకే చేపని లేపాలి.

కాకినాడ_కట్ట
వల గురించి. ముడులున్న నైలాన్ వల, బజార్లో దొరికే పచ్చరంగుది, పొలుసులు ఊడగొడుతుంది, తోక చీలుస్తుంది. రబ్బరు పూత ఉన్న ముడిలేని వల కొనండి. రెండోది, గోనె సంచి. దాని మీద చేపని పడుకోబెట్టడం చూస్తుంటా. తడిపినా గరుకు గరుకే, జిగురంతా దానికే అంటుకుంటుంది. ఆ జిగురే చేపకి పైపొర, అది పోతే పుండ్లు పడతాయి. నున్నటి రెక్సిన్ ముక్క మీటరు పొడవు కోయించి, మార్కర్ పెన్నుతో సెంటీమీటర్లు గీసుకోండి. తడిపి పరిస్తే అదే కొలబద్ద, అదే పరుపు.

యారాడ_రాయి
రాయి సంగతి? ఏప్రిల్‌లో పదింటికే కాలు పెట్టలేం.

కాకినాడ_కట్ట
నీ కాలు పెట్టలేని చోట చేపని పెట్టకు. అంతే. రెక్సిన్ కింద కూడా ఒక బకెట్టు నీళ్ళు పొయ్యి, లేకపోతే రెక్సినే పెనం అవుతుంది.

డార్విన్_దొర
ఇక్కడ ఆస్ట్రేలియాలో మన పండుగప్పనే బారమండి అంటారు. అందరూ లిప్ గ్రిప్పర్ వాడతారు, దవడ పట్టుకుని వేలాడదీసి బరువు చూస్తారు. దానివల్ల నష్టం ఏమీ కనబడదు, ఈదుకుంటూ పోతాయి. చేత్తో పట్టుకుంటే మొప్ప మూత అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి గ్రిప్పరే సేఫ్.

ఉప్పుటేరు
@డార్విన్_దొర చెయ్యి తెగుతుందన్నది నిజం, పండుగప్ప మొప్ప మూత దగ్గర వేలు పెట్టకూడదు. గ్రిప్పర్ వాడటానికి నా అభ్యంతరం లేదు, వేలాడదీయడానికే. నీళ్ళలో చేపకి బరువు తెలియదు. 8 కేజీల చేపని నిలువుగా ఎత్తితే ఆ 8 కేజీలూ దవడ కీలు మీద, దవడకీ మొప్పలకీ మధ్య ఉన్న సన్న కండ మీద పడతాయి. అది చిరిగిన చేప ఈదుతుంది, కానీ పండుగప్ప వేటాడేది నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్ళతోపాటు ఎరని పీల్చుకుని. దవడ సరిగ్గా పనిచెయ్యకపోతే ఏం తింటుంది? "ఈదుకుంటూ పోయింది" అన్నది లెక్కలోకి రాదు.

గ్రిప్పర్ ఒక చేత్తో, రెండో చెయ్యి పొట్ట కింద, చేప అడ్డంగా. బరువు కావాలంటే వలతో సహా తూచి, తరవాత ఖాళీ వల బరువు తీసెయ్.

డార్విన్_దొర
వలతో తూచడం బాగుంది, ఒప్పుకుంటా. ఇంకో మాట, పండుగప్ప మొదట మగది, పెరిగాక ఆడది అవుతుంది. మీటరు దాటినవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టే ఆడవే. క్వీన్స్‌లాండ్‌లో అందుకే 58 సెంటీమీటర్ల కంటే చిన్నవీ, 120 దాటినవీ రెండూ వదిలెయ్యాలి. పెద్దది పడితే బరువు మోజు ఎక్కువ కాబట్టి, వేలాడదీయడమూ వాటినే ఎక్కువ.

పులస_బాబు
120 సెంటీమీటర్ల పండుగప్పని వదలాలా! చట్టం చేసినవాడికి చేపల పులుసు తెలియదు.

గేలం_గురువు
గాలం విషయానికి వద్దాం. ఎర వేసి కూర్చునేవాళ్ళు సర్కిల్ గాలాలకి మారితే సగం గొడవ వదులుతుంది. కొస లోపలికి తిరిగి ఉంటుంది కాబట్టి గొంతులో గుచ్చుకోకుండా జారి వచ్చి నోటి మూల పట్టుకుంటుంది. కానీ షరతు ఏంటంటే, చేప లాగగానే రాడ్ ఝాడించి కొట్టకూడదు. లైను బిగిసేదాకా ఆగి రీలు నెమ్మదిగా చుట్టాలి. కొట్టేసి "సర్కిల్ గాలానికి చేప పడదు" అని తిడతారు.

కొనేటప్పుడు గాలాన్ని బల్ల మీద పడుకోబెట్టి చూడండి. మొత్తం ఆనితే సరే. కొస పైకి లేచి ఉంటే అది పక్కకి వంచిన రకం, లోపల గుచ్చుకునే అవకాశం ఎక్కువ.

లూరు (నకిలీ ఎర) వాడేవాళ్ళు మూడు కొసల గాలాలు పీకేసి ఒంటి కొసవి తగిలించుకోండి. ఒక కొస నోట్లో ఉంటే మిగతావి కంట్లోనో మొప్పలోనో గుచ్చుకుంటాయి. వలలో చిక్కుకుంటే అది మరో పావుగంట.

బందరు_బుల్లోడు
బార్బు (గాలం కొస దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు) నొక్కేస్తే చేప జారిపోదా?

గేలం_గురువు
లైను వదులు చేస్తే జారుతుంది, బిగువుగా ఉంచితే జారదు. ప్లయర్ దవడల మధ్య బార్బుని అడ్డంగా కాదు, గాలం కొస వెంబడి పెట్టి నొక్కండి. అడ్డంగా నొక్కితే గాలం విరుగుతుంది. నొక్కాక బట్టలో గుచ్చి లాగి చూడండి, పోగు పట్టకుండా రావాలి. నీ వేల్లో దిగినప్పుడు కూడా దీని విలువ తెలుస్తుంది.

జెల్లముల్లు
మింగేస్తే? గాలం కనబడకుండా లోపల ఉంటే?

ఉప్పుటేరు
తవ్వొద్దు. లీడరు (గాలానికి కట్టిన చివరి లైను ముక్క) ఎంత లోపలికి వీలైతే అంత లోపల కత్తిరించి వదిలెయ్. గొంతు వెనకే గుండె, కాలేయం ఉంటాయి, లాగితే వాటికే తగులుతుంది. గాలంతో వదిలిన చేపలు బతికే అవకాశం, లాగి తీసినవాటికంటే బాగా ఎక్కువ. స్టెయిన్‌లెస్ గాలాలు వాడకపోవడం అందుకే, మామూలు ఇనప గాలం ఉప్పునీళ్ళలో తుప్పు పట్టి ఊడిపోతుంది.

మొప్పలోంచి ఎర్రటి రక్తం ధారగా కారుతుంటే మాత్రం అది బతకడం కష్టం. ఉంచుకోదగ్గ సైజు, ఉంచుకోదగ్గ జాతి అయితే అక్కడికక్కడే చంపి ఐసులో పెట్టండి. పులస_బాబు గారికి ఫోన్ చెయ్యండి.

బందరు_బుల్లోడు
మొప్పల మీద కూల్‌డ్రింకు పోస్తే రక్తం ఆగుతుందని వీడియోల్లో చూపిస్తున్నారు కదా?

ఉప్పుటేరు
ఆగదు. కెనడాలో పైక్ చేపల మీద పరీక్షించి చూశారు, ఉపయోగం కనబడలేదు. రక్తం దానంతటదే గడ్డకడుతుంది, నువ్వు పోసినందుకు ఆగినట్టు కనబడుతుంది. పైగా పోసేంతసేపు చేప గాలిలోనే. డ్రింకు నువ్వే తాగు.

సరంగు_సీను
లోతు నీళ్ళ సంగతి. 30, 40 మీటర్ల నుంచి స్నాపర్, గ్రూపర్ పైకి లాగితే కళ్ళు ఉబ్బి, పొట్ట నోట్లోంచి బుడగలా బయటికొస్తుంది. చాలా పడవల్లో చేసేది ఒక్కటే, ఆ బుడగని కత్తితో పొడిచి విసిరెయ్యడం. గాలి పోయింది, దిగుతుంది అనుకుంటారు.

గాల్వెస్టన్_గోపి
ఆ బుడగ గాలితిత్తి (చేపని తేల్చే లోపలి గాలి సంచి) కాదు, కడుపు! లోపల ఉబ్బిన గాలితిత్తి దాన్ని బయటికి తోస్తుంది. కడుపు పొడిస్తే తినేదానికే చిల్లు పడినట్టు. బయటికొచ్చిన కడుపుని లోపలికి తొయ్యడమూ వద్దు, కిందికి దిగితే దానంతటదే వెళ్ళిపోతుంది.

లెక్క సింపుల్. ప్రతి 10 మీటర్లకి ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర మొత్తం 4. అక్కడ గాలితిత్తిలో ఒక గ్లాసు గాలి ఉంటే పైకొచ్చేసరికి 4 గ్లాసులు. స్నాపర్, గ్రూపర్ గాలితిత్తికి బయటికి దారి ఉండదు, రక్తంలోకి మెల్లగా పీల్చుకోవాలి తప్ప. అందుకే ఉబ్బుతాయి. వంజరానికి (వైజాగ్ వాళ్ళ కోనాం) అసలు గాలితిత్తే లేదు, సొరలకీ లేదు. వాటికి ఈ బాధ లేదు.

ఇక్కడ అమెరికాలో, గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఫెడరల్ నీళ్ళలో, రీఫ్ చేపలు పట్టే ప్రతి పడవలో గాలి తీసే సూదో, కిందికి దించే పరికరమో సిద్ధంగా ఉండాలని 2022 జనవరిలో చట్టం అమల్లోకి వచ్చింది. సూదే ఉండాలన్న పాత నిబంధన 2008లో పెట్టి 2013లో తీసేశారు. 2022 చట్టంలో రెండిట్లో ఏదైనా సరే అన్నారు.

కాకినాడ_కట్ట
సూది చాలు కదా, చవక. 16 గేజి బోలు సూది, ఇన్సులిన్ సూది కాదు.

గాల్వెస్టన్_గోపి
చెయ్యి తిరిగినవాడికైతే పర్లేదు. పక్క రెక్క మొదలుకి ఒకటి రెండు అంగుళాలు వెనక, పొలుసు కింద నుంచి, తల వైపుకి 45 డిగ్రీల వాలుగా, గాలితిత్తి వరకే. ఉస్స్ మని శబ్దం వస్తే ఆపెయ్యాలి. కొద్దిగా పక్కకి పోతే కాలేయం, పేగు. ఊగే పడవ మీద, తన్నుకునే చేప మీద ఇది సరిగ్గా చెయ్యడం ఎంతమందికి వస్తుంది? నా ఓటు కిందికి దించడానికే. చేప తానే సర్దుకుంటుంది, గుచ్చే పని లేదు.

సరంగు_సీను
ఆ పరికరం ఇక్కడ దొరకదు, దొరికినా రేటు చూస్తే సగం వలలు వచ్చేస్తాయి.

గాల్వెస్టన్_గోపి
కొనక్కర్లేదు. రెండు దారులు.

ఒకటి, హార్బర్‌లో చేపలు మోసే ప్లాస్టిక్ ట్రే. చిల్లులున్నది తీసుకో. తిరగేసి, అంచుల చుట్టూ సీసం 6, 7 కేజీలు సమంగా కట్టు. అడుగు (ఇప్పుడు పైన ఉంటుంది) నాలుగు మూలల నుంచి తాడు. తేలుతున్న చేప మీద బోర్లించి దింపితే చేప ట్రే కింద ఇరుక్కుని దిగుతుంది, లోతుకి పోయాక కిందనుంచి ఈదుకుంటూ బయటికి పోతుంది. పెద్ద చేపలకి, ఒకేసారి రెండు మూడు ఉన్నప్పుడు ఇదే మేలు.

రెండోది, బార్బు నొక్కేసిన పెద్ద గాలం. లైను గాలం కన్నుకి కాదు, వంపుకి కట్టు. కన్నుకి సీసం వేలాడదియ్. అప్పుడు గాలం తలకిందులుగా, కొస కిందికి చూస్తూ ఉంటుంది. చేప కింది దవడ పలచటి పొరలో కొస గుచ్చి వదులు. సీసం లాగుతుంటే కిందికి పోతుంది. కావలసిన లోతుకి దిగాక ఒక్క జర్క్ ఇస్తే గాలం జారి వచ్చేస్తుంది. 2, 3 కేజీల చేపకి కేజీ నుంచి కేజీన్నర సీసం.

పట్టిన లోతులో కనీసం సగానికి దింపాలి. అడుగుదాకా అయితే ఇంకా మంచిది. ఏదైనా పైకి వచ్చిన రెండు నిమిషాల్లో అయిపోవాలి.

సరంగు_సీను
ట్రే ఐడియా బాగుంది. వంపుకి కట్టడం అన్నది కొంచెం అర్థం కాలేదు, లైను జారిపోదా?

గాల్వెస్టన్_గోపి
వంపు దగ్గర చిన్న వైరు రింగు చుట్టి టంకం వేయించు. లేదా దారం గట్టిగా చుట్టి ఎపాక్సీ పూసేయ్. జారదు.

జెల్లముల్లు
ఇంతకీ నా పేరింటి చేప గురించి ఎవరూ మాట్లాడలేదు. జెల్లకి మూడు ముళ్ళు. వీపు మీద ఒకటి, పక్క రెక్కలకి ఒక్కొక్కటి. రంపం పళ్ళు, విషం, నిలబెట్టి తాళం వేసుకుంటుంది. కాలితో తొక్కిపట్టకండి, ముల్లు రబ్బరు చెప్పులోంచి దిగుతుంది. చేత్తో ముట్టుకోకుండా వదిలే పద్ధతి ఇది: ఎడమ చేత్తో లీడరు బిగించి పట్టుకో, ప్లయర్‌తో గాలం వంపు పట్టుకుని పైకి తిప్పు, లీడరు కిందికి లాగు. చేప బరువుకే గాలం జారి నీళ్ళలో పడుతుంది. బార్బు లేకపోతే రెండు సెకన్లు.

కోపంతో ఇసకలో విసిరేసిపోయేవాళ్ళకి ఒక మాట. ఎండిన జెల్ల ముల్లు కూడా గుచ్చుకుంటుంది, బీచ్‌లో పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు.

యారాడ_రాయి
గుచ్చుకుంటే?

జెల్లముల్లు
వేడినీళ్ళు. 45 డిగ్రీలు దాటకుండా, 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచాలి. వేడి చాలో లేదో దెబ్బ తగలని చేత్తో చూడండి, తగిలిన చేతికి తిమ్మిరి వల్ల వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. టేకు చేప (స్టింగ్‌రే) ముల్లుకీ ఇదే. గట్టిగా కట్లు కట్టడం, కోసి రక్తం పీల్చడం వద్దు. టేకు ముల్లు ఛాతీలోనో పొట్టలోనో లోతుగా దిగి ఉంటే పీకొద్దు, అలాగే ఆసుపత్రికి. మామూలు పోటుకి కూడా ముక్క లోపల విరిగిందేమో ఎక్స్‌రే, టెటనస్ ఇంజెక్షను. షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్ళు సముద్రపు నీళ్ళ గాయం ఎర్రబడి వాస్తే ఆ పూటే డాక్టరు దగ్గరికి, తెల్లారేదాకా ఆగొద్దు. బ్యాగులో ఫ్లాస్కు వేడినీళ్ళు పెట్టుకోండి, టీకి కూడా పనికొస్తుంది.

కాకినాడ_కట్ట
సముద్రపు పాము పడితే వేడినీళ్ళ వైద్యం కాదు. చేరువకి లాగకుండా లైను కోసెయ్యండి. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలకే, సముద్రపు పాములకి కాదు. తోక తెడ్డులా చదునుగా ఉంటే పామే, "ములుగు చేపేమో" అని దగ్గరగా చూడకండి.

ఉప్పుటేరు
టేకుని వదిలేటప్పుడు తోక పట్టి ఎత్తొద్దు, కళ్ళ వెనక రంధ్రాల్లో వేళ్ళు పెట్టి ఎత్తొద్దు, అవి ఊపిరి దారులు. నీళ్ళలోనే ఉంచి ప్లయర్‌తో తియ్యండి. సొరలకి పక్కటెముకల గూడు ఉండదు. ఇసక మీద పడుకోబెడితే తన బరువుకే లోపలి అవయవాలు నలుగుతాయి, తోక పట్టి వేలాడదీస్తే కూడా అంతే. రంపపు చేప, వేల్ షార్కు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, తాబేలు కూడా. ఫోటో కోసం కూడా ఒడ్డుకి లాగొద్దు. తాబేలు గాలానికి పడితే లైను పట్టి ఎత్తకండి, వలతో ఎత్తండి. గాలం లోపలుంటే లైను దగ్గరగా కోసి అటవీ శాఖకి చెప్పండి.

పులస_బాబు
ఇంతకీ పఫర్ సంగతి చెప్పలేదు. వీలునామా రెడీ.

యారాడ_రాయి
గాలిలో ఉబ్బితే లోపల గాలి నిండి మునగలేక తేలుతుంది. నీళ్ళ కింద తల పైకి ఉండేలా పట్టుకుంటే గాలి బుడగలుగా వచ్చేస్తుంది. వేలు నోటికి దూరం, ఆ పళ్ళు గాలాన్నే కొరికేస్తాయి.

బందరు_బుల్లోడు
చివర్లో నీళ్ళలో వదిలేది ఎలా? ముందుకీ వెనక్కీ ఊపాలంటారు కదా.

గేలం_గురువు
వెనక్కి లాగొద్దు. నీళ్ళు నోట్లోంచి మొప్పల మీదుగా పోవాలి, వెనక్కి లాగితే తిరగబడి పోతాయి. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకో, ప్రవాహం లేకపోతే ముందుకే నడిపించు, ఎనిమిది అంకె గీసినట్టు తిప్పు. తోక పట్టు బిగుసుకుని తానే తన్నేదాకా వదలకు. బీచ్‌లో మోకాలి లోతు వరకే దిగి, అల విరిగాక రెండు అలల మధ్య వదులు. నురుగులో వదిలితే మొప్పల్లో ఇసక. పార, చూర లాంటి జోరుగా ఈదేవి ఇంకా బలంగా ఉంటే తల ముందుగా నీళ్ళలోకి గుచ్చినట్టు వదలడమే మేలు, ఆ వేగానికి మొప్పల్లోకి నీళ్ళు తోసుకొస్తాయి.

యారాడ_రాయి
మా రాయి నీళ్ళకి పది అడుగుల ఎత్తు. దిగితే అల లాక్కుపోతుంది. విసరక తప్పదేమో?

కాకినాడ_కట్ట
దిగొద్దు, విసరొద్దు. దించే వల చేసుకో. సైకిల్ రిమ్ముకి ముడిలేని వల బిగించి, మూడు తాళ్ళు, మధ్యలో ఒక తాడు, అడుగున అరకేజీ సీసం. పైకి లాగేదీ దాంతోనే, దింపేదీ దాంతోనే. దింపాక ఒక పక్క తాడు లాగితే వాలిపోయి చేప బయటికి వెళ్తుంది. ఆ పక్క తాడు వేరే రంగుది కట్టు, అల పోటులో ఏది లాగాలో వెతుక్కోవు.

యారాడ_రాయి
రిమ్ము సైజు?

కాకినాడ_కట్ట
20 అంగుళాల పిల్లల సైకిల్‌ది చాలు, అల్యూమినియం అయితే తుప్పు పట్టదు. స్పోకులు పీకేసి ఆ కన్నాల్లోంచే వల కట్టెయ్. కొనగానే లోపలి అంచు ఆకురాయితో రుద్దు, లేకపోతే వల అక్కడే తెగుతుంది.